చెవిటి దేవుడు

పదింటికి లోపలికి తీసుకెళ్లారు, బయటికి తెచ్చేసరికి పదకొండు దాటుతుందన్నారు, అంటే ఇంకా యాభై నిమిషాలు చేతులు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చోవాలి, ఆమెకు చేతకాని పని ఏదైనా ఉంటే అదొక్కటే. ఇరవై రెండేళ్లుగా ఈ ఆస్పత్రిలోనూ, కోర్టులోనూ, ఎక్కడ పిలిస్తే అక్కడ, వినపడనివాళ్లకీ వినపడేవాళ్లకీ మధ్య నిలబడి చేతులాడించడం ఆమె ఉద్యోగం. కాగితాల మీద సైగల భాష అనువాదకురాలు, వార్డుల్లో మాత్రం అందరికీ చేతులమ్మ. ఈ హాలులో ఈ నీలం కుర్చీల పక్కన ఎన్నో వందలసార్లు నిలబడింది గాని కూర్చోవడం ఇవాళే, కూర్చుంటే తెలిసింది వీటి వీపు ఎంత గట్టిగా ఉంటుందో. అన్నయ్య లోపల బల్ల మీద ఉన్నాడు. కుడి చంకలో, చేతికి వెళ్లే నరాలను పట్టుకుని నిమ్మకాయంత గడ్డ. చెడ్డది కాదు, ప్రాణానికేం భయం లేదని సర్జన్ తేలిగ్గా నవ్వుతూ చెప్పాడు, వేళ్ల సంగతి మాత్రం తెరిచి చూస్తేగాని చెప్పలేమన్నాడు, రెండు పోవచ్చు, అయిదూ పోవచ్చు. చెవులున్నవాడికి కుడి చెయ్యి పడిపోతే చెయ్యే పడిపోయింది అంటారు. అన్నయ్యకి అదే నోరు. నాలుగో ఏట చెవులు పోయాయి, యాభయ్యో ఏట నోరు పోతుందంటున్నారు, వరసబెట్టి ఒక్కొక్కటే పట్టుకుపోతున్నాడు దేవుడు అని ఎవరైనా అనుకుంటారు, ఆమె కూడా అనుకోబోయింది, పట్టుకుపోయేవాడు ఒకడుంటే కదా అన్న నాన్న గొంతు అడ్డం వచ్చింది. నాన్న పోయి పదకొండేళ్లయింది, ఇంకా మాట పూర్తి కానివ్వడు.

పొద్దున ట్రాలీ మీద పడుకోబెట్టాక, చేతులకు పట్టీలు కట్టబోయే నర్సును ఒక్క నిమిషం ఆగమన్నాడు అన్నయ్య. ఆ నిమిషం కోసం ఆమె కూడా కాచుకుని ఉంది. ముప్పై ఎనిమిదేళ్ల నాటి అబద్ధం ఒకటి గొంతులో, కాదు, వేళ్లలో పెట్టుకుని రాత్రంతా మంచం మీద దొర్లింది, మత్తు ఇచ్చే ముందే చెప్పేయాలి, ఎందుకైనా మంచిది, రేపు ఆయన జవాబు చెప్పే స్థితిలో ఉంటాడో ఉండడో అనుకుంది. చెయ్యి ఎత్తింది కూడా. ఆయన చెయ్యే ముందు లేచింది. "గంటసేపు నా చేతులు కట్టేస్తారట. ఆ గంటా నా బదులు నువ్వు మాట్లాడాలి. ఆయనతో" అన్నాడు, అని ఆ సైగ చేశాడు. చూపుడు వేలు పైకెత్తి, చెవి దగ్గరికి తెచ్చి, పిడికిలితో చెవిని మూసేయడం. ఏ సైగల పుస్తకంలోనూ లేదది. ప్రపంచం మొత్తంమీద ఇద్దరికే తెలుసు, అందులో దాన్ని పుట్టించినది ఆమె. తర్వాత ఏం మాట్లాడాలో కూడా చెప్పాడు, నాలుగే నాలుగు మాటలు, తన బైండింగు షాపునుంచి మాల్ డెలివరీకి పంపేముందు చీటీ రాసిచ్చినంత పొందికగా. ఒట్టు వేయించుకోలేదు. ఈమె చెప్పదేమోనన్న అనుమానమే ఆ మొహంలో లేదు. అదొక్కటి ఉన్నా తప్పించుకోవడానికి దారి దొరికేది. పట్టీలు కట్టారు, చక్రాలు కదిలాయి, ఆమె ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది, దాన్ని చూసి ఆయన వీడ్కోలు అనుకున్నాడు, గడ్డంతో సరే అన్నాడు.

"మీవాళ్లకి ఏం ఆపరేషనమ్మా?" పక్క కుర్చీలో పెద్దావిడ. ఒళ్లో బట్టసంచి, సంచిలో భర్త కళ్లద్దాలు, కట్టుడు పళ్ల డబ్బా, ఒక చెప్పు. రెండో చెప్పు ఎక్కడ జారిందో తెలియక పొద్దుటినుంచీ నర్సుల్ని వేధిస్తోంది. ఆమె చెప్పింది. "అయ్యో పాపం. నమ్ముకోండమ్మా, ఆయనే చూసుకుంటాడు" అంది పెద్దావిడ, సంచి సర్దుకుంటూ. ఇలాంటిచోట సరేనండి అని ఊరుకోవడం ఆమెకు అలవాటే, ఇవాళ మాత్రం ఎందుకో, అరిగిపోయిన తాళంలా, ఊరికే తెరుచుకుంది నోరు. "నాకు నమ్మకం లేదండి" అంది. పెద్దావిడ కోప్పడలేదు, జాలి కూడా పడలేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది, "మరి ఈ గంట ఎట్లా గడుపుతావు తల్లీ?" ఎంత వాదించినా నాన్న దగ్గర జవాబు దొరకని ప్రశ్న ఇదొక్కటేనేమో. అమ్మకి ఇది తట్టలేదు, తట్టి ఉంటే గెలిచేది. ఆమె గోడ మీది గడియారం చూసింది. పదీ ఇరవై.

గెలుపులన్నీ నాన్నవే మా ఇంట్లో, అనుకుంది. ఆయన మిల్లులో కరెంటు పని చేసేవాడు, చొక్కా జేబులో పెన్ను ఉండకపోయినా టెస్టర్ ఉండేది. అన్నిచోట్లా పెట్టి చూశానే, ఎక్కడా బల్బు వెలగలేదు అనేవాడు దేవుడి గురించి. నీ టెస్టరుకి అందేచోట కూర్చుంటే ఆయన దేవుడెట్లా అవుతాడు, స్విచ్చిబోర్డు అవుతాడు అనేది అమ్మ, కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే. నవ్వుకునే మాటలే మొదట్లో. ఎక్కడ మొదలైనా చివరికి అన్నయ్య చెవుల దగ్గరికే వచ్చి తెగేది. మెదడువాపు జ్వరం, ఆరు రోజులు స్పృహ లేదు, ఏడోనాడు కళ్లు తెరిచాడు, అందరూ సంబరపడ్డారు, పళ్లెం కిందపడి ఇల్లంతా మోగినా పిల్లవాడు తల తిప్పలేదు. బతికించింది ఆయనైతే చెవులెవరు కొట్టేశారే, డాక్టరా, అంటాడు నాన్న. దానికో కారణం ఉండే ఉంటుంది, మనకి తెలీదంతే, అంటుంది అమ్మ. కారణం నాకు తెలుసు, పురుగు, కంటికి కనపడనంత పురుగు, దానికి మీవాడెవరో మావాడెవరో తెలీదు, దాని మానాన అది బతికింది, అంటాడు నాన్న. అన్నం పళ్లాల ముందు ఈ వాదం, ఎదురుగా అన్నయ్య, ఇద్దరి మొహాలూ మార్చిమార్చి చూసి, ఏంటి ఏంటి అని చెల్లెలి మోచెయ్యి లాగేవాడు. ఏడెనిమిదేళ్ల పిల్ల ఏం చెబుతుంది. కూరలో ఉప్పు ఎక్కువైందట అని చెప్పేది. మా ఇంట్లో రోజూ ఉప్పు ఎక్కువే అనుకుంటూ పెరిగాడాయన పాపం, అమ్మ వంట మీద ఆ చెడ్డ అభిప్రాయం ఇప్పటికీ పోలేదు.

అమ్మ అసలు మాట చెప్పింది ఒక్కసారే, అదీ నాన్న పోయాక, ఈమెతో ఒక్కదానితోనే, బొత్తాం కుడుతూ. ఆ ఆరు రోజులూ నేను ప్రాణం అడిగానే. ప్రాణం ఇవ్వు, ప్రాణం ఇవ్వు, అదే మాట. ఇచ్చాడు. చెవులు కూడా అని అడగడం మరిచిపోయాను. నలభై ఏళ్లు ప్రతి వారం ప్రార్థన మందిరానికి వెళ్లి మోకాళ్లు అరగదీసుకున్న మనిషి లోపల ఉన్నది భక్తి కాదు, మరిచిపోయినదానికి క్షమించమని అడగడం. ఆ రోజు ఆమెకి దేవుడి మీద కోపం రాలేదు, లేనివాడి మీద కోపమేమిటి, అమ్మ మీద వచ్చింది, ఎందుకమ్మా ఇన్నేళ్లు ఇది మోశావు, నాన్నతో ఒక్క ముక్క చెబితే ఆ వాదం అక్కడే ఆగిపోయేది కదా అనిపించింది. చెబితే మీ నాన్న నన్ను ఓదార్చేవాడే, ఎవరూ లేరు, నువ్వు అడిగినా అడగకపోయినా ఒకటే అని, ఆ ఓదార్పు నాకొద్దు అంది అమ్మ. తప్పు తనదైనా సరే, వినేవాడు ఒకడుండాలి ఆవిడకి. అది అర్థం కావడానికి ఈమెకి నాలుగేళ్లు పట్టింది, అప్పటికి అమ్మా లేదు. ఇంతా అర్థమయ్యాకా నమ్మకం మాత్రం రాలేదు, అర్థం కావడం వేరు, నమ్మడం వేరు.

ఎవరో ఏడుస్తున్నారు లిఫ్టు దగ్గర, కాదు, నవ్వుతున్నారు, దూరంనుంచి రెండూ ఒకేలా ఉంటాయి. పదీ ముప్పై. ఇప్పుడు కోసి ఉంటారు. సర్జన్‌కి ఎడమచేతివాటం, ఇన్నేళ్లూ గమనించలేదు, పొద్దున సంతకం చేస్తుంటే చూసింది. ఆ మందిరంలో కూడా ఇలాంటి కుర్చీలే, కాదు బెంచీలు, పక్క వరుసలో గోడవైపు చివరి బెంచీ, అన్నయ్య గోడకి ఆనుకుని, ఆమె సభకి వీపు పెట్టి ఆయన ఎదురుగా. అప్పటికి ఆయనకి పన్నెండు, ఆమెకి తొమ్మిది. బడి లేదు ఆయనకి, బధిరుల బడి తెరిచింది మరుసటి ఏడు. ఉన్న భాష అంతా ఇద్దరూ కలిసి ఇంట్లో అల్లుకున్నదే, అన్నం, నీళ్లు, కుక్క, నాన్న కోపం, అమ్మ మిషను. దానితో బోధకుడి గంట ఉపన్యాసం మోయాలి. సహనమట, అనుగ్రహమట, పరీక్షట, వాటిలో సగం ఆమెకే తెలీవు. తెలిసినంతవరకు చెప్పి, తెలియనిచోట ఆయన మంచివాడు, ఆయన పెద్దవాడు అని పూరించేది. ఆ రోజు బోధకుడు మనం మొర పెట్టుకుంటే ఆయన వింటాడు అన్నాడు. ఇది సులువే, ఆమె చెప్పేసింది, నోరు తెరిచి అరవడం, పైన ఆయన, చెవి. అన్నయ్య చూశాడు. నాకు అరవడం రాదుగా, నాది ఎట్లా వింటాడు అన్నాడు. వెనక బోధకుడు ఆగడు, మాటలు పోతున్నాయి, వెనకబడితే మళ్లీ అందుకోలేదు, అన్నయ్య వదలడు, మోచెయ్యి లాగుతున్నాడు. తొమ్మిదేళ్ల పిల్ల చెయ్యి లేచింది, ఆయనకీ నీలాగే వినపడదు, చూస్తాడు అంది, చూపుడు వేలు, చెవి, పిడికిలి. అంతే. అప్పటికి గండం గడిచింది అనుకుంది. అన్నయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పరాయి ఊళ్లో తనవాడు ఎదురైనట్టు వెలిగిపోయింది మొహం. మరునాటినుంచి పొద్దునా సాయంత్రం గోడ ముందు నిలబడి రెండు చేతులతో మాట్లాడటం మొదలుపెట్టాడు, నేటికీ మానలేదు.

బోధకుడు సభలో వేలెత్తి చూపించాడు, ఈ బిడ్డ భక్తి చూడండి అని. అమ్మ ఏడ్చింది. నాన్న ఇంటికొచ్చి, వీడికిది ఎవరు నేర్పారు అని గర్జించాడు, ఆమె చదువుకుంటున్నట్టు పుస్తకంలో తల పెట్టేసింది, పుస్తకం తలకిందులుగా ఉంది, నాన్న చూడలేదు. చెబుదాంలే రేపు, చెబుదాంలే పెద్దయ్యాక. పెద్దయ్యాక ఇరవై అయిదో ఏట ఈ ఉద్యోగంలో చేరుతూ, చెప్పినదానికి ఏమీ కలపను, ఏమీ తీయను, ఏమీ మార్చను అని సంతకం పెట్టింది. కలిపింది ఒక ఉప్పునో పప్పునో కాదు, దేవుణ్ణే కలిపింది. అప్పటికి అన్నయ్య బైండింగు షాపు పెట్టుకున్నాడు, ఆయన దేవుడు ఆయనతో స్థిరపడిపోయాడు. పైగా ఆ దేవుడితో ఆయన ఏకంగా లోకం కష్టాలన్నిటికీ కారణం కనిపెట్టాడు. ఒకసారి నాన్న, వాడికి దేవుడున్నాడంటే ఈ యుద్ధాలూ వరదలూ ఎందుకో అడుగు అని ఈమె చేత అడిగించాడు. అన్నయ్య జిగురు చేతులు తుడుచుకుని చాలా మామూలుగా చెప్పాడు. జనమంతా నోటితో అడుగుతున్నారు, పాపం ఆయనకి వినపడదు, చేతులతో చెప్పేవాళ్లం కొద్దిమందిమి, మావి చూసి చేతనైనంత చేస్తున్నాడు. ఆమె అది నాన్నకి ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్న కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు, నవ్వి నవ్వి, వీడొక్కడేరా పద్ధతిగా వాదించినవాడు, మీ అమ్మ దేవుడు విని కూడా ఊరుకుంటాడు, వీడివాడికి అసలు వినపడదు, వీడివాణ్ణయితే నేను క్షమిస్తాను అన్నాడు. ఆ మాట అన్నయ్యకి చెప్పమన్నాడు. చెప్పింది. తండ్రీకొడుకుల మధ్య అంతకంటే మంచి సంభాషణ ఆమెకి గుర్తు లేదు, అది నిలబడ్డది ఆమె అబద్ధం మీద.

ఆమెకి నమ్మకం నాన్న వల్ల పోలేదు, అపనమ్మకం వారసత్వంగా వచ్చిందంటే ఒప్పుకోదు. ఈ అంతస్తులోనే, చివరి గదిలో, వినపడని తల్లి ఒకావిడ, పుట్టిన మూడోరోజు బిడ్డ పోయింది. డాక్టరు కారణం తెలియలేదన్నాడు. చూడ్డానికొచ్చిన బంధువు, దేవుడికి ఇష్టమైన బిడ్డ, తీసుకెళ్లాడు అన్నాడు. రెండూ ఆమె చేతులతోనే చెప్పింది, మొదటిదానికి ఎంత శ్రద్ధో రెండోదానికీ అంతే. ఇష్టమైతే నాకెందుకు చూపించాడు అంది ఆ తల్లి, దాన్నీ ఈమె తన గొంతుతో గదిలో అందరికీ వినిపించింది, ఎవరూ జవాబు చెప్పలేదు, జవాబు లేనప్పుడు ఆమె కూడా చేతులు దించుకుని నిలబడాలి, అదీ పనిలో భాగమే. నిలబడ్డ ఆ కాసేపట్లో తెలిసింది ఆమెకి, ఎవరూ లేరని. ఏడుపు రాలేదు, భయం వేయలేదు, లైటు ఆర్పి గది బయటికి వచ్చినంత మామూలుగా జరిగింది. బాధకి అర్థం ఉందని చెప్పేవాళ్లంతా బాధ లేనివైపు నిలబడి చెబుతారు, మధ్యలో నిలబడేది తను కాబట్టి ఆ తేడా తనకి కనబడుతుంది. మరి ఆ రోజు అన్నయ్య దేవుడి సంగతి గుర్తు రాలేదా అంటే వచ్చింది. ఆ తల్లితో అనాలనిపించింది, ఆయనకి వినపడదమ్మా, ఆయన చూడలేదు అని. అనలేదు. అది కలపడం అవుతుంది.

ఇవాళ కూడా అంతే కదా అని ఎవరైనా అనొచ్చు. ఇరవై రెండేళ్లలో ఎంతమంది భక్తుల మాటలు మోయలేదు, సాక్షుల ప్రమాణాలు, చావుబతుకుల మొక్కులు, నేను నమ్ముతున్నాను నేను నమ్ముతున్నాను అని ఈ చేతులు వెయ్యిసార్లు అన్నాయి, మాట వాళ్లది, చేతులే తనవి. కాని అప్పుడు అవతల ఒక మనిషి ఉండేవాడు, జడ్జో నర్సో. ఇవాళ అవతల ఎవరూ లేరు. ఎవరూ లేనిచోట నిలబడి చేతులాడిస్తే అది అనువాదం కాదు, నాటకం, అన్నయ్యని వెక్కిరించడం. చెప్పకుండా చెప్పానంటే ఇంకో అబద్ధం. చెప్పలేదని నిజమంటే, అప్పుడే కోసి కుట్టిన మనిషికి, వేళ్లు పోయాయేమో తెలియని మనిషికి, ఆ మాటా చెప్పాలి. పదీ నలభై. చెవులిచ్చి మాట నమ్మేవాళ్లు లోకంలో ఉంటారు, కళ్లిచ్చి తనని నమ్మినవాడు ఆయన ఒక్కడే. భయంగా ఉంది ఆమెకి. వేళ్ల గురించి భయం, తన గురించి భయం.

లేచింది. హాలు చివర, లిఫ్టుకి అవతల, ఖాళీ గోడ ఒకటుంది, నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు, దానికి పైన స్విచ్చిబోర్డు. గోడ ముందు నిలబడి, ఎదుటివాళ్లకి కనిపించేంత దూరంలో, వెలుతురు మొహం మీద పడేలా సర్దుకుంది, పనిలో మొదటి పాఠం అది. చేతులెత్తింది. అన్నయ్య ఇచ్చిన నాలుగు మాటలూ ఆయన వేగంతో, ఆయన మొహంతో చెప్పింది. నేనే, బైండరుని. ఇవాళ నా చేతులు కట్టేశారు, మా చెల్లెలు చెబుతోంది, జాగ్రత్తగానే చెబుతుంది. కుడి చెయ్యి ఉంచు. ఉంచడం నీవల్ల కాకపోతే ఎడమ చేత్తో చెబుతాను, ఆలస్యమవుతుంది, కాస్త ఓపిగ్గా చూడు. అయిపోయింది. ఇక చేతులు దించాలి. దిగలేదు. ఇది నా మాట అంది ఆమె, అనకూడదని తెలిసే అంది. నువ్వు లేవు, నాకు తెలుసు, నిన్ను చేసింది నేనే, చేతకాక చేశాను. అయినా ఆయనకి ఆ చెయ్యి కావాలి. అది పోతే నాతో మాట్లాడేవాళ్లు లేరు. ఈ చివరి మాట తనలో ఉన్నట్టు ఆమెకే తెలీదు. చెప్పడం ముగిశాక ఎదుటివాళ్లని చూడాలి, జవాబు అందుకోవాలి, చేతులు వాటంతటవే ఆ పనికి సిద్ధమై ఆగాయి. చూసింది. సిలిండరు, స్విచ్చిబోర్డు, గోడ. చాలాసేపే చూసింది. వెనక్కి తిరిగేసరికి పెద్దావిడ, బట్టలు మార్చుకునేవాళ్ల నుంచి కళ్లు తిప్పుకున్నట్టు, అటువైపు తిరిగి కూర్చుని సంచిలో ఏదో వెతుక్కుంటోంది.

పదకొండూ పదికి సర్జన్ వచ్చాడు, టోపీ తీస్తూ. "గడ్డ మొత్తం వచ్చేసిందమ్మా. ఒక నరం మాత్రం వదులుకోవాల్సొచ్చింది. బొటనవేలు, చూపుడువేలు బాగానే ఉండాలి. మిగతా మూడూ... చూద్దాం, నెలలు పడుతుంది." ఆమె తల ఊపింది. అయిదింట్లో రెండు. అమ్మ ఉంటే రెండు ఇచ్చాడు అనేది, నాన్న ఉంటే మూడు పోయాయి అనేవాడు. ఆమెకి మాత్రం సర్జన్ చేతులు పట్టుకోవాలనిపించింది, పట్టుకుంది కూడా, ఆయన కొంచెం కంగారుపడ్డాడు.

లోపల గదిలో కుడిచెయ్యి కట్లలో ఉంది, ఎడమ చెయ్యి ఇంకా పట్టీలో ఉంది. "అది విప్పండి సిస్టర్, అదే ఇప్పుడు ఆయన నోరు" అంది. నర్సు విప్పింది. మత్తు పూర్తిగా వదల్లేదు, కళ్లు తెరిచి, మూసి, తెరిచి, ఆమెని పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి దుప్పటి మీద కదిలింది, మాట తిరగని పిల్లవాడిలా. "చెప్పావా?" "చెప్పాను." ఆయన మొహం నెమ్మదించింది. మళ్లీ చెయ్యి లేచింది. "ఏమన్నాడు?"

ఇది అడుగుతాడని ఆమె అనుకోనే లేదు. మాట అటు మోసిన మనిషి జవాబు ఇటు మోయాలి, ఇరవై రెండేళ్లుగా చేస్తున్న పని, ఎలా మరిచిపోయింది. సరేనన్నాడు అని ఒక్క సైగ చేస్తే చాలు. తొమ్మిదేళ్లప్పుడైతే చేసేసేది. చేతులు ఎత్తింది, వాటివంక ఆయన చూసే చూపు చూసింది. "ఏమీ అనలేదు" అంది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది, గుచ్చేశాను అనుకుంది, ఇంతకాలం దాచి ఇవాళే, ఈ మంచం మీదే గుచ్చాలా అనుకుంది. కాసేపటికి కళ్లు తెరిచాడు. పెదవి చివర నవ్వుంది. ఎడమ చెయ్యి ఒక్కో మాటకీ ఆగి, వెతుక్కుని, చెప్పింది.

"అయితే నిజంగానే చెప్పావన్నమాట. నాతోనూ ఎప్పుడూ ఏమీ అనడు."

"ఏమంటున్నారమ్మా?" అని అడిగింది నర్సు, సెలైను సరిచేస్తూ. చేతులమ్మ చెప్పబోయింది. నోటికి బదులు చేతులు లేచాయి.